ఇళ్ళు తిరిగే తలుపు

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో పొద్దున్న పని కుట్టడంతో మొదలయ్యేది కాదు, తోసుకోవడంతో మొదలయ్యేది. హాలు మూడో అంతస్తులో ఉంది. ఎక్కడానికి ముందువైపు ఒకటే మెట్లదారి, అందులో సగం అట్టపెట్టెలు. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కుట్టేసిన సరుకంతా మెట్ల మీదే. మిగిలిన సందులోంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు పక్కకి తిరిగి ఎక్కాలి. "ఇంకో నెల ఇలాగే తిన్నావంటే నిన్ను కూడా పెట్టెలో పెట్టి పంపించేస్తారే" అని గుండీలు కుట్టే ఆవిడని రోజూ ఎవరో ఒకరు ఏడిపించేవాళ్ళు. ఆవిడ వాళ్ళని నానా మాటలూ అనేది. అందరూ పకపకా నవ్వుకుంటూ పైకి చేరేవాళ్ళు.

కాలరక్క కూడా నవ్వేది. ఆమె పని కాలర్లు కుట్టడం. చేరిన రోజు నుంచీ అదే మిషను, అదే కుర్చీ, అవే కాలర్లు. మెడ కింద చొక్కా ఎలా ఉంటుందో తనకి తెలియదని తన మీద తనే జోకులేసుకునేది. ఆమె చెల్లెలు హాలుకి ఆ చివర, దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చునేది. అమ్మ పోయినప్పుడు ఆ పిల్ల ఇంకా పాకుతోంది. స్నానం పోసి, జడేసి, బడికి పంపి, బడి మానేస్తానంటే రెండు తగిలించి, అయినా మానేస్తే తన వెంట పనికి తెచ్చుకుని పెంచింది కాలరక్కే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు దీన్నొక ఒడ్డుకి చేర్చనీ" అనేది. లోకంలో ఆమెకి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్లకి నోరు మూతపడదు. దారాలు కత్తిరిస్తూ మాట్లాడేది, తింటూ మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరితోనో తగువు పెట్టుకునేది.

ఓనరుగారు చెడ్డవాడని చెప్పడానికి లేదు. చెప్పగలిగితే ఈ కథ ఇంకాస్త తేలికయ్యేది. ఎవరింట్లో ఎవరికి బాగోకపోయినా అడిగేవాడు, కూర్చున్నవాళ్ళని లేవొద్దమ్మా అనేవాడు. ఆయన కింద సూపర్‌వైజరు ఒకడు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి టార్గెట్టు, టార్గెట్టు అనేవాడు కాబట్టి అతని పేరే టార్గెట్టు అయిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర ప్లగ్గు వదులై జారిపోతుంటే కింద చెక్కముక్క పెట్టి ఆనించింది అతనే. నిప్పురవ్వలు వచ్చినప్పుడు ఇస్త్రీ చేసే అతను చెప్పు తీసి ఒకటి వేసేవాడు, ఆగిపోయేవి. మిషన్లకి సూది ముందు వేలు పోకుండా చిన్న కమ్మీ ఒకటి ఉంటుంది. అది ఉంటే స్పీడు రావడం లేదని అన్నిటికీ పీకించేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకీ స్పీడే కావాలి మరి, టార్గెట్టు అందకపోతే తిట్లు తినేది వాళ్ళే.

ఇక తలుపు సంగతి చెప్పాలి.

హాలు వెనక గోడకి ఒక ఇనప తలుపు ఉండేది. దాన్ని తీస్తే బయట గోడని ఆనుకుని కిందిదాకా ఇనప మెట్లు. భవనం కట్టినప్పుడు ఎవరో బుద్ధిమంతుడు పెట్టించాడు. ఒకసారి ఆ మెట్లమీంచి చొక్కాల మూట ఒకటి మాయమైంది. ఓనరుగారు తాళం వేయించి, తాళంచెవి ఇంటికి పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి తలుపు ముందు జాగా ఖాళీగా ఉందని గుడ్డ తానులు పేర్చారు. ఏళ్ళు గడిచాయి. ఆ తలుపుని ఎవరూ తీయలేదు, ఎవరూ ముట్టుకోలేదు.

ఎంతకాలమని నిలబడుతుంది, కాళ్ళు పీకవూ? ఒక సాయంత్రం మిషన్లు ఆపే వేళకి తలుపు వెళ్ళిపోయింది. అది ఉన్నచోట ఉత్త గోడ మిగిలింది, గోడకి తాళం వేలాడుతోంది. గుండీలావిడ ఇంటికెళ్ళి చూస్తే వాళ్ళ మంచం పక్కన గోడకి నిలబడి ఉంది. "కూర్చో అందామంటే కూర్చునే రకానివి కాదు" అని ఆవిడ తడిగుడ్డ తెచ్చి దాని ఒంటిమీద దుమ్మంతా తుడిచింది. పొద్దున్నే తీసి అడుగు వేస్తే తానులు దాటి నేరుగా హాల్లో ఉంది. బస్సు లేదు, మెట్లు లేవు, పెట్టెల మధ్య ఇరుక్కోవడం లేదు.

అప్పట్నుంచి తలుపు పగలంతా తన చోట తను ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరింటికి చేరేది. ఎవరింటికెళ్తే వాళ్ళకి మర్నాడు బస్సు ఖర్చు మిగిలినట్టే, ఇంకాస్త పడుకున్నట్టే. అందుకని దాన్ని బతిమాలుకునేవాళ్ళు. "ఇవాళ మా ఇంటికి రావే తల్లీ, మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయి" అని ఇంటికెళ్తూ తానుల సందులోంచి చెయ్యి పెట్టి ఒక్కసారి దాన్ని తట్టి పోయేవాళ్ళు. కాలరక్క ఇంటికి చాలాసార్లు వచ్చింది. వంటగదిలో గట్టు పక్కన నిలబడేది. చెల్లెలు దానికి రాత్రి కబుర్లన్నీ చెప్పేది. "నేను వినీ వినీ అలిసిపోయాను, పోన్లే, నీకో ఇనప చెవి దొరికింది" అనేది అక్క.

ఇన్నాళ్ళూ ఆ తలుపుని ఇంటికి పిలిచినవాళ్ళే గానీ, తానులు పక్కకి జరిపి తాళం తీయించండి సార్ అని అడిగినవాళ్ళు లేరు. దానివల్ల పనికి తొందరగా చేరొచ్చని అందరికీ తెలిసింది. అది అసలు ఎందుకుందో మర్చిపోయారు.

తనిఖీ అధికారి వచ్చిన రోజున తలుపు హాల్లో లేదు. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద చేసే అమ్మాయి కాన్పయి ఇంట్లో ఉంటే, చూసి రావడానికి పొద్దున్నే వెళ్ళింది. అధికారి చేతులు వెనక్కి కట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు.

"వెనక తలుపు ఉండాలి కదండీ. ఏదీ?"

"ఉంటుంది సార్. ఇవాళ ఎవరో అమ్మాయి ఇంటికి వెళ్ళినట్టుంది" అన్నాడు ఓనరుగారు.

"అలా తిరగనిస్తే ఎలాగండీ? మేం వచ్చినప్పుడు గోడలో ఉండాలి. నెలలో మళ్ళీ వస్తాను."

ఓనరుగారు ఆ మాటని చాలా గట్టిగా పట్టించుకున్నాడు. వెల్డింగువాళ్ళని పిలిపించి, తలుపు మీద అడ్డంగా ఒక ఇనప పట్టీ వేయించి, ఆ చివరా ఈ చివరా గోడలోకి బోల్టులు దింపించాడు. లోపలివైపు కనిపిస్తే బాగోదని బయటినుంచి, ఇనప మెట్ల వైపు నుంచి వేయించాడు. లోపల ఆకుపచ్చ రంగు కొట్టించి, పైన 'బయటికి దారి' అని లైటు వెలిగే బోర్డు పెట్టించాడు. అది అయ్యాక హాలంతటినీ పిలిచి చూపించాడు.

"ఇకనుంచి ఇది ఎటూ పోదమ్మా. మీ భద్రత కోసమే."

చెల్లెలు చెయ్యెత్తింది. "మరి తెరుచుకుంటుందా సార్?"

ఓనరుగారు నవ్వాడు. "ముందు ఉండనీ తల్లీ. ఉన్నాక కదా తెరవడం."

"అది కాదు సార్, ఎప్పుడైనా నిప్పంటుకుంటే..."

"కూర్చోవే" అని కాలరక్క ఆ పిల్ల జాకెట్టు వెనక పట్టుకుని కిందికి లాగింది. చుట్టూ అందరూ చూస్తున్నారు. టార్గెట్టు గడియారం చూసుకుంటున్నాడు. "నీకెందుకే పెద్దపెద్ద విషయాలు? శుభమా అని రంగు కొట్టించుకుంటే నిప్పు మాటలేంటి?"

అధికారి మళ్ళీ వచ్చాడు. బోర్డు చూశాడు, రంగు చూశాడు. తలుపుని అరచేత్తో గట్టిగా గుద్ది చూశాడు. అది ఇసుమంత కూడా కదల్లేదు. "గట్టిగా ఉంది. ఇలాగే ఉంచండి" అని వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగీ దిగకముందే తానులు మళ్ళీ తలుపు ముందుకి చేరాయి. ఆ సాయంత్రం తలుపు ఎవరింటికీ రాలేదు. తర్వాతా రాలేదు. కొన్నాళ్ళు అందరూ బెంగపెట్టుకుని, మళ్ళీ బస్సుకి అలవాటుపడ్డారు.

ఒకరోజు కాలరక్క పనికి వెళ్ళలేదు. ముందురోజు సూది వేలిలో ఈ వైపు దిగి ఆ వైపు వచ్చింది. టార్గెట్టు టేపు చుట్ట విసిరి "చుట్టుకుని కూర్చో, పెద్ద పనేం కాదు" అన్నాడు. తెల్లారేసరికి చెయ్యంతా వాచిపోయింది.

"నువ్వు పడుకో, నేను పోతా. నీ సణుగుడు లేకుండా ఒక్కరోజు హాయిగా ఉంటాను" అంది చెల్లెలు, డబ్బా సంచిలో పడేసుకుంటూ.

"పో, పో. సాయంత్రం తిన్నగా ఇంటికి రా. దార్లో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు."

మధ్యాహ్నం కాలరక్క ఒంటిచేత్తో గిన్నెలు తోముకుంటోంది. గట్టు పక్క గోడలో గుల్లగా చప్పుడైంది. సున్నం రాలింది. చూస్తే తలుపు. ఎప్పుడూ నెమ్మదిగా వచ్చి నిలబడేది, ఈసారి గోడని చీల్చుకుని వచ్చింది. పూర్తిగా రాలేకపోయింది పాపం. లోపలివైపు అక్కడే హాల్లో ఉండిపోయింది, బయటివైపు మాత్రం ఇక్కడికి చేరింది. పట్టీ అలాగే అడ్డంగా ఉంది, బోల్టులు ఈ గోడలోకి కూడా దిగబడి ఉన్నాయి. తలుపు మీద అవతలినుంచి ఎన్నో చేతులు బాదుతున్నాయి.

"ఎవరిల్లిది? ఎవరైనా ఉన్నారా?"

కాలరక్క చేతిలో గిన్నె జారి కింద పడింది. ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"నేనేనే! ఏమైంది?"

"అక్కా! నువ్వా! మనింటికే వచ్చిందే ఇది!" అని లోపల ఎవరికో చెప్పింది. ఆ క్షణంలో కూడా ఆ గొంతులో సంతోషం వినిపించింది. "అక్కా, ఇస్త్రీ దగ్గర అంటుకుంది. మెట్ల మీద పెట్టెలు మొత్తం మండుతున్నాయి, అటు పోలేం. తానులు లాగేశాం, తాళం పగలగొట్టాం. తలుపు రావట్లేదు."

"పట్టీ ఉందే, ఇటువైపు! ఉండు, ఉండు తల్లీ."

పట్టీ పట్టుకుని లాగింది. అది లాగితే వచ్చేదా? వీధిలోకి పరిగెత్తి పక్కింటి తాపీమేస్త్రిని కేకేసింది. పరంజా మీంచి పడి నడుం విరిగి ఆయన నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు. ఆయన సుత్తీ గునపం తీసుకుని, కాలీడ్చుకుంటూ, గోడ పట్టుకుంటూ వచ్చాడు. గునపం మొన బోల్టు కింద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకీ ఆయనకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"బాబాయ్ కొడుతున్నాడే. అయిపోయింది. ఇదిగో, అయిపోతోంది."

"ఏమీ కనపడట్లేదక్కా. ఒకటే పొగ."

"భయపడకు. నాతో మాట్లాడు. మాట్లాడుతూనే ఉండు."

ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత తన నోటిని తనే ఎన్నిసార్లు కొట్టుకుందో. కానీ అప్పుడు ఎవరైనా అదే అంటారు. గొంతు వినపడినంతసేపూ మనిషి ఉన్నట్టే అనిపిస్తుంది.

చెల్లెలు మాట్లాడింది. అక్క చెప్పిన పని చేయడం ఆ పిల్లకి ఎప్పుడూ అంత తేలిక కాలేదు. "నీ వేలెలా ఉంది?" అని అడిగింది. గుండీలక్క చెయ్యి పట్టుకుందని, అబ్బ ఎంత గట్టిగా పట్టుకుందో, ఇరిగిపోయేలా ఉందని చెప్పింది. చాలామంది కింద కూర్చుండిపోయారని, తను మాత్రం గొంతు వినపడాలని నిలబడే ఉన్నానని చెప్పింది. మధ్యలో దగ్గు. దగ్గు ఆగాక మళ్ళీ మాట. మాటలకన్నా దగ్గు ఎక్కువైంది.

"ఆపకే! ఏదో ఒకటి చెప్పు!"

"ఏం చెప్పను... అక్కా, నిజంగా తొందరగా..."

మేస్త్రి ఒక బోల్టు ఊడగొట్టాడు. రెండోదానికి గునపం ఆనించాడు. కాలరక్క వాచిన చేత్తోనే పట్టీని పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. లోపల మాట ఆగింది. కాసేపు తలుపు మీద వేలితో తట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత అదీ లేదు. "కొట్టు బాబాయ్, కొట్టు" అని ఆమె అరుస్తోంది, ఆయన కొడుతూనే ఉన్నాడు. పట్టీ ఫెళ్ళున ఊడింది.

తలుపు తెరుచుకుంది. నల్లగా పొగ. పొగతో పాటు చెల్లెలు అక్క ఒళ్ళో పడింది. తలుపుకి ఆనుకుని ఉండిపోయింది కదా, తలుపు రాగానే అలాగే వచ్చేసింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఊపిరి లేదు.

ఆ పిల్ల మీదుగా, అక్క మీదుగా మనుషులు పాకుతూ వచ్చారు. నేలకి ముఖం ఆనించుకున్నవాళ్ళు, చొక్కా ముక్కలు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్ళు, ఒకళ్ళ కాలు ఒకళ్ళు పట్టుకున్నవాళ్ళు. గుండీలావిడ వచ్చింది. ఆవిడ చేతిని చెల్లెలి చేతిలోంచి విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. వంటగది నిండిపోయి వీధిలోకి కూడా జనం పడ్డారు. అందరూ రాలేదు. రానివాళ్ళ కోసం మేస్త్రి గుమ్మంలో నిలబడి కేకలు వేశాడు. ఆ తర్వాత లోపలినుంచి మంట తన్నుకొచ్చి తలుపు దానంతట అదే మూసుకుంది. మళ్ళీ తీస్తే లోపల ఏమీ లేదు. వంటగది గోడ.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు, కింద కూర్చుని నోరు మూసుకున్నవాళ్ళు బతికారని, నిలబడి మాట్లాడిన పిల్ల పొగంతా మింగేసిందని. నిప్పు పడితే నేలకి ఆనుకోవాలని, మాట్లాడకూడదని, ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎవరికీ ఏ రోజూ చెప్పలేదు. ఎంతసేపు పడుతుంది చెప్పడానికి? ఒక్క మధ్యాహ్నం మిషన్లు కాసేపు ఆపితే అయిపోయేది. ఆపితే టార్గెట్టు పోతుంది, అందుకని చెప్పలేదు. నాకు ఈ కథ చెప్పేటప్పుడల్లా ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతుంది.

కాలరక్క ఏడవలేదు. "నేనే మాట్లాడించాను" అనేది. పరామర్శకి వచ్చినవాళ్ళతో అదే మాట, అన్నం పెట్టబోయినవాళ్ళతో అదే మాట. "లేదే, నువ్వు కాదే, పట్టీ వేసినవాడే" అని గుండీలావిడ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవిన పడలేదు.

తలుపు వంటగదిలోనే ఉండిపోయింది. ఇంకెవరింటికీ వెళ్ళలేదు. కాలరక్క దాని పక్కనే చాప వేసుకుంది. చెల్లెలు చివరిగా తట్టిన చోటు ఎత్తు చూసుకుని, అక్కడ వేలితో తట్టి, చెవి ఆనించి వినేది. ఆమెకి ఇక మిగిలింది అదొక్కటే.

ఒకరోజు ఓనరుగారు వచ్చాడు. వెనక టార్గెట్టు. నిప్పంటుకున్నప్పుడు అతను కింద సిగరెట్టు కాల్చుకుంటున్నాడు, ఒంటిమీద మచ్చ పడలేదు. ఓనరుగారు మాత్రం సగమైపోయాడు. చెల్లెలి ఫోటో చూసి నిజంగానే ఏడ్చాడు.

"నాకూ కూతురుందమ్మా. నీ బాధ నాకు తెలుసు."

కాలరక్క చాప పక్కకి జరిపింది.

"నిన్నిలా అడగాల్సొస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎంక్వైరీవాళ్ళు వెనక తలుపేదీ అంటున్నారు. అక్కడ ఉత్త గోడ ఉంది. పెట్టించానంటే నమ్మట్లేదు. నీకు తెలుసు కదమ్మా, రంగు వేయించాను, బోర్డు పెట్టించాను. ఇది తీసుకెళ్ళి చూపిస్తే గండం గడుస్తుంది. నా పిల్లలు వీధిన పడకుండా ఉంటారు."

"తీసుకెళ్ళండి సార్. మీ తలుపే కదా."

ఆయనా, టార్గెట్టూ, వీధిలోంచి పిలిచిన మరో ఇద్దరూ పట్టుకుని లాగారు. రాలేదు. చివరికి ఓనరుగారు దాన్ని తెరిచాడు. సున్నం కొట్టిన గోడ కనపడింది.

"ఇదేంటమ్మా, ఇందులో ఏం లేదు?"

"మేం తీసినప్పుడు ఉంది సార్."

ఆయన తలుపు మూసేశాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "నువ్వొకసారి చెప్పి చూడమ్మా. నీ మాట వింటుందేమో" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక కాలరక్క తలుపు ముందు కూర్చుంది. ఇన్నాళ్ళూ దాన్ని రమ్మని పిలిచినవాళ్ళే, పొమ్మన్నవాళ్ళు లేరు. "వెళ్ళవే" అంది. "నా దగ్గరుండి ఏం చేస్తావు? నేను వెళ్ళాల్సిన చోటు లేదు, ఇటు రావాల్సినవాళ్ళు లేరు. ఆయన అడుగుతున్నాడు. ఆయన దగ్గరికే పో." చెల్లెలు తట్టిన చోట చెంప ఆనించింది. తెల్లారి లేచేసరికి గోడ ఖాళీగా ఉంది. అప్పుడు ఏడ్చింది. వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. చెల్లెలు పోయిన రోజున ఏడవాల్సిందంతా ఆ పొద్దున్న ఏడ్చింది.

తలుపు ఓనరుగారి ఇంటికి వెళ్ళింది. ఎంక్వైరీవాళ్ళకి చూపించుకునే చోటుకి కాదు, ఇంటి ముందు గుమ్మంలోకి. చెక్కిన టేకు తలుపు ఉన్నచోట ఈ కాలిన ఇనప తలుపు నిలబడింది. పెరటి తలుపూ, మేడ తలుపూ ఉన్నచోట్ల ఉత్త గోడలొచ్చాయి. కిటికీలకి దొంగల భయంతో ఎప్పుడో గట్టి ఊచలు పెట్టించుకున్నారు. బయటికి పోవాలంటే దారి ఆ తలుపొక్కటే. తీసి అడుగు వేస్తే ఆ హాలు. మాడిపోయిన మిషన్లు, కరిగి ముద్దయిన కుర్చీలు, కాలూనితే మడమదాకా బూడిద. ఆ చివరిదాకా నడిచి, ముందు మెట్లు దిగితే వీధి. సాయంత్రం మళ్ళీ ఆ మెట్లెక్కి, హాలు దాటి, ఆ తలుపులోంచే ఇంట్లోకి. హాలు శుభ్రం చేయించాడు. మర్నాడు తలుపు తీసేసరికి బూడిద ఎప్పటిలాగే ఉంది. గోడ కొట్టించాడు. గోడ వెనక ఇంకో గోడ ఉంది. ఇల్లు మారాడు. సామాను దింపేలోగా తలుపు ముందే వెళ్ళి కొత్తింటి గుమ్మంలో నిలబడింది. ఎంక్వైరీ ఏమైందంటారా, అది నడుస్తూనే ఉంది. అలాంటివి నడుస్తూనే ఉంటాయి.

ఊళ్ళో మిగతా ఓనర్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన్ని పలకరించి వెళ్ళారు. అయ్యో అన్నారు, నోరు నొక్కుకున్నారు. ఇంటికెళ్తూ దార్లోనే వెల్డింగువాళ్ళకి ఫోన్లు చేశారు. తమ తలుపులు ఎటూ పోకుండా ఇంకో రెండు పట్టీలు వేయించుకున్నారు. అంతకన్నా ఎవరికీ ఏమీ తట్టలేదు. ఓవర్‌లాక్ అమ్మాయి అలాంటి ఒక ఫ్యాక్టరీలోనే చేరింది. బిడ్డని పెంచాలి కదా, ఇంకెక్కడికి పోతుంది.

చనిపోయినవాళ్ళ మనుషులు పొద్దున్నపూట ఆ మెట్లెక్కి హాల్లోకి వచ్చేవాళ్ళు. తమవాళ్ళు కూర్చున్న చోట కాసేపు కూర్చుని పనులకి వెళ్ళేవాళ్ళు. కాలరక్కకి దారాల బల్ల దాకా వెళ్ళడానికి కాళ్ళు వచ్చేవి కావు. పై మెట్టు మీదే కూర్చునేది.

ఒక పొద్దున్న తలుపు చప్పుడైంది. ఓనరుగారు వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, బూట్ల నిండా బూడిద. వెనక భార్య, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని. ఆవిడ వెనక బడి బట్టల్లో ఇద్దరు పిల్లలు, ఎక్కడా ఏదీ ముట్టుకోకుండా, తల్లి అడుగులోనే అడుగు వేస్తూ. చాలా రోజులుగా అలవాటైన నడక అది. ఇద్దర్లో ఆడపిల్ల, చెల్లెలి బల్ల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని దాటింది.

ఓనరుగారు కాలరక్క ముందు ఆగాడు.

"దాన్ని మళ్ళీ రమ్మని చెప్పమ్మా. నీకు పుణ్యముంటుంది."

"మీరే కదా సార్ పంపించమని అడిగారు."

"మా ఇంటికి ఇంకో దారి లేదు. నా సంగతి వదిలెయ్. పిల్లలు... రాత్రిళ్ళు వాళ్ళకి నిద్ర పట్టడం లేదు. తలుపు అవతల ఎవరో దగ్గుతున్నారంటారు. పొద్దున్న తీసి చూస్తే ఎవరూ ఉండరు."

కాలరక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "ఏ గొంతండీ? ఆడపిల్లదా?"

వెనకనుంచి ఆయన భార్య "ఊఁ" అంది మెల్లగా.

కింద వీధిలో బడి వ్యాను హారను మోగింది. పిల్లలు తండ్రి మొహం వంకా, ఆమె మొహం వంకా చూస్తూ నిలబడ్డారు. మెట్లు ఇరుకు. కాలరక్క లేచింది. గోడకి ఆనుకుని, కొంగు దగ్గరికి లాక్కుని, "పదండమ్మా, జాగ్రత్తగా దిగండి" అని పిల్లలకి దారి ఇచ్చింది. వాళ్ళమ్మకీ ఇచ్చింది. ముగ్గురూ దిగి వెళ్ళిపోయారు.

ఆయన దిగబోయాడు. ఆమె అప్పటికే మళ్ళీ మెట్టుకి అడ్డంగా కూర్చుంది. ఆయన హాల్లోనే నిలబడిపోయాడు.